పన్నెండు గజాల ఖాళీ

పలాస రైల్వే గ్రౌండులో
సున్నం గీతలు సగం చెరిగిపోయాక
స్కోరు రాసే బల్ల మీద ఫోను నిలబెట్టి
ఆ ఒక్క ఆటనే తొమ్మిదోసారి చూస్తున్నాను.
జీడి బట్టీల పొగ ఇంకా నేల దిగలేదు.
రేపు పొద్దున్నకి జిల్లా జట్టు జాబితా ఇవ్వాలి.
లైన్‌బ్యాకర్ గడిలో ఒక పేరు, పక్కన ఒక అంకె.
పేరు మైలపల్లి దానేసు, ఊరు మంచినీళ్లపేట.
అంకె దగ్గర పెన్ను ఆగింది.

"సున్నా ఏసీండి మేస్టారూ.
బంతి ఆడి పక్కనే కదా పడింది!
దిష్టిబొమ్మలాగ నిలబడిపోనాడు"
అంటాడు అప్పలసూరి, టీ గ్లాసు నా ముందు పెడుతూ.

నిజమే.
అవతలి జట్టు పొడుగు కుర్రాడు
దానేసుకి రెండు బారల దూరంలో గాల్లోకి లేచి
పనసకాయ దించుకున్నంత తీరిగ్గా
బంతిని దించుకున్నాడు.
గ్రౌండంతా చూసింది. నేనూ చూశాను.
చూసిందే తీర్పయితే
ఈపాటికి ఇంట్లో పడుకుని ఉండేవాణ్ణి.

మేం ఆడింది మనిషిని కాసే ఆట కాదు, చోటుని కాసే ఆట.
నీ చోటులో ఉన్నంతసేపే వాడు నీవాడు.
దాటాడా, పక్కవాడికి అప్పజెప్పి
నువ్వు మళ్ళీ ఖాళీలోకి రావాలి.
ఎవరూ లేని పన్నెండు గజాల నేల, అదే నీ ఆస్తి.
అక్కడికి ఏమీ రాకపోతే నువ్వు బాగా ఆడినట్టు.
ఏమీ రాకపోవడాన్ని
ఏ ఫోనులో చూపించను?

వెనక్కి జరుపుతాను.
మొదటి అడుగు ముందుకి వేశాడు.
బంతి పట్టుకుని పరిగెడతారేమో అని మోసపోయాడు, అరసెకను.
అక్కడ ఒక మార్కు పోయింది, మొహమాటం లేదు.
తర్వాత నడుం తిప్పాడు, వెనక్కి జారాడు,
కళ్ళు మాత్రం విసిరేవాడి భుజం మీదే.
వలలో బరువు తాడుకి తెలిసినట్టు
ఆ భుజం ఎటు వాలుతుందో వీడి కాలికి ముందే తెలుస్తుంది.
ఇది నేను నేర్పింది కాదు.
అలివి వల లాగుతుంటే, ఎక్కడో చేప ఎగిరిందని
తాడొదిలి పరిగెత్తేవాళ్ళని
ఆ ఊళ్ళో ఏమంటారో నాకు తెలీదు గానీ
వీడు తాడొదలడు.

మరి ఆ పొడుగువాడు ఎలా దొరికించుకున్నాడు?
ఫోను అడ్డంగా తిప్పి, రెండు వేళ్ళతో పెద్దది చేసి
ఈసారి దానేసుని చూడ్డం మానేశాను.
పక్క గీత దగ్గర కిరీటి,
పోయిన ఆదివారం రెండు బంతులు లాక్కుని
భుజాల మీద ఊరేగిన కిరీటి,
తన చోటు ఒగ్గేసి
ఎవడి వెనకో లోతుకి ఉరుకుతున్నాడు.
దానేసు చెయ్యి అటే చూపిస్తోంది. నోరు తెరిచి ఉంది.
వీడియోలో మాట లేదు.
ఇంజను కూత, పెట్టెలు, పెట్టెలు, పెట్టెలు.

గేటు దగ్గర హెల్మెట్లు లెక్కపెట్టి
గోనెలో వేస్తున్నవాణ్ణి పిలిచాను.
"అరిచావా?"
"అరిసినాను సార్."
"ఏమని?"
"నీ కాడికొస్తన్నాడు, నాను ఒగ్గేస్తన్నానని."
"మరి?"
"గూడ్సెల్తంది సార్. ఆడికి ఇనబడనేదు."
"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"
వాడు గోనె మూతికి తాడు బిగించాడు.
"బంతి నా పక్కనే కదండి పడింది."

అప్పలసూరి ఖాళీ గ్లాసు తీసుకుని
ఏమీ అనకుండా వెళ్ళాడు.

పదికి ఏడు వేశాను.
అరసెకనుకి ఒకటి.
రెండు గజాలు ముందే ఆగిపోయినందుకు ఒకటి.
రైలుని మించి అరవనందుకు ఒకటి
అని రాసి, చూసి, కొట్టేసి
ఎనిమిది చేశాను.

సిగ్నలు పచ్చగా మారింది, మళ్ళీ ఏదో వస్తోంది.
కిరీటి కాగితం పైకి తీశాను.
అదే ఆట, మొదట్నుంచి,
పదోసారి.